వంతెన దగ్గర ఆగిన ఆట

కంప్యూటర్‌లో విండోస్ తీసేసి కొత్తగా లైనక్స్ వేసుకున్నాను, ఆటలు బాగా నడుస్తాయంటే. ఆ రాత్రి ఊరు వెళ్ళిన మా ఆయన ఫోన్ చేశారు.

"మీ తమ్ముడితో సగంలో ఆగిన ఆట కాపీ తీసుకున్నావా? లేక గిన్నె తోమినట్టు డిస్కంతా తోమేశావా?"

తోమేశాను. నేనూ తమ్ముడూ వంతులేసుకుని ఆడేవాళ్ళం. వంతెన దాటడం వాడి వంతు. దాటకుండానే చనిపోయాడు.

ఫోన్ పెట్టేసి, ఆట మళ్ళీ దించుకుని తెరిచాను. కొత్తగా మొదలవ్వాల్సింది, వంతెన దగ్గరే తెరుచుకుంది.

నేనేమీ నొక్కకుండానే తెర మీద మా ఆటబొమ్మ నడిచింది. బ్యాటరీలు తీసి బీరువాలో దాచిన వాడి కంట్రోలర్ లోపల టకటకమంటోంది.



బొమ్మ వంతెన దాటింది. బీరువాలో చప్పుడు ఆగింది.

ఇక నా వంతు.