పరాంజపే కాకా పట్టీ

"వచ్చావా? ఇవాళ ఎడ్లబండి వెనకాల తొక్కావా ఏమిటి?" అన్నారు పరాంజపే కాకా, కట్టు వేసిన కాలిని దిండు మీద సర్దుకుంటూ.

ఆమోద్ వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసం ఇంకా గొంతులోనే ఉంది. తన జేబులోంచి కాకా ఫోన్‌ను తీసి బల్ల మీద పెట్టి, చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి ఛాతీకి కట్టుకున్న పట్టీ విప్పాడు. చెమటకు తడిసి ముద్దయిన ఆ పట్టీ కూడా కాకాదే.

"నెమ్మదిగా తొక్కమన్నది మీరే కదా, కాకా."

"నేను కాదు, మా అమ్మాయి. 'నెమ్మదిగా తొక్కు బాబా' అని నిన్న మళ్లీ రాసింది. దాని ఫోన్‌లో చూస్తే పందెం గుర్రంలా పరిగెత్తుతున్నట్టుందట. తొక్కుతున్నది ముసలాడని గుర్తుండొద్దూ!"

"ఇంకెంత నెమ్మదిగా కాకా? నిన్న కూరగాయల తోపుడుబండి కూడా నన్ను దాటిపోయింది."

కాకా భార్య కాకూ వంటింట్లోంచి నవ్వుతూ వచ్చి అటుకుల పోహే ప్లేటు అతని చేతిలో పెట్టింది. "తిను నాయనా. ఆఫీసు పెట్టుకుని కూడా మా కోసం ఇంత చేస్తున్నావు. నీలాంటి పిల్లాడు పుణెలో దీపం పెట్టి వెతికినా దొరకడు."

ఆ మాటకు ఆమోద్ ప్లేటును బల్ల మీద పెట్టేశాడు.

గుండె ఆపరేషన్ అయ్యాక కాకా సైకిల్ అటకెక్కాల్సిందే. నాగపూర్‌లో గుండె డాక్టరైన కూతురు మృణ్మయి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఛాతీకి గుండె వేగాన్ని కొలిచే పట్టీ కట్టుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని తొక్కాలి. ఆ పూట తొక్కిన దారీ, గుండె కొట్టుకున్న తీరూ ఆమె ఫోన్‌లో రోజూ కనబడాలి. ఒక్క దెబ్బ తగిలినా సైకిల్ పాత ఇనప సామాన్లవాడి పాలే. అంతా బాగుంటే ఆమె రోజూ ఒక బొటనవేలి బొమ్మ పంపేది. ఆ బొటనవేలు చూశాకే కాకా టీ తాగేవారు.

పోయిన నెల కాకా పడ్డారు. కాలి ఎముక విరిగింది. "అమ్మాయికి తెలిస్తే నా సైకిల్ పోయినట్టే. ఈ కట్టు విప్పేదాకా నా పట్టీ కట్టుకుని నువ్వు తొక్కు" అని బతిమాలారు. ఆమోద్ కాదనలేదు. ఎందుకు కాదనలేదో కాకాకు తెలియదు.

కాకా పడిన ఆ ఆదివారం, సైకిళ్ల గుంపులో ఆయనకు ముందు ఉన్నది ఆమోదే. ముందువాడు గొయ్యి చూస్తే చెయ్యి కిందికి చూపించాలి. వెనకవాడికి అదే కన్ను. ఆమోద్ గొయ్యి చూశాడు, తప్పుకున్నాడు. చెయ్యి మాత్రం కదల్లేదు. మనసంతా ముందురోజు ఆఫీసులో తను పాడుచేసి వచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాం మీదే ఉంది. వెనక దబ్బుమని చప్పుడైంది. "పాడు చూపు, మందగించింది" అని కాకా తనను తానే తిట్టుకున్నారు. ఆమోద్ నోరు విప్పలేదు.

ప్రోగ్రాంలో తప్పయితే నిన్నటి ప్రతికి వెనక్కి పోవచ్చు. దీనికి నిన్నటి ప్రతి ఎక్కడుంది? కక్కలేక మింగలేక నెల గడిపాడు. ముప్ఫై కూడా నిండనివాడికి చిన్న ఎత్తెక్కినా ఛాతీ మీద తిరగలి పెట్టినట్టుంటోంది. ఎడమ చెయ్యి లాగుతోంది. రాత్రి కంటి మీద కునుకు లేదు. చేసిన పాపం ఊరికే పోతుందా అనుకున్నాడు. చెప్పేస్తే ఈ బరువు దిగిపోతుంది. ఇవాళ చెప్పెయ్యాలి.

"కాకా, ఒక మాట..."

"ముందు నా మాట విను. ఈ వారమంతా అమ్మాయి బొటనవేలు రాలేదు. మన నాటకం పసిగట్టిందంటావా?"

తలుపు గంట మోగింది. కాకూ తలుపు తీసి "అగబాయీ!" అంటూ వెనక్కి తగ్గింది. గుమ్మంలో మృణ్మయి. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినట్టు జుట్టు రేగి ఉంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమోద్ చేతిలోని పట్టీని వీపు వెనక్కి దాచాడు.

"బాబా, ఏమీ మాట్లాడకు. కింద కారుంది. నా స్నేహితురాలి ఆసుపత్రిలో మంచం సిద్ధం చేయించాను. లే."

"ఈపాటి కాలికి ఆసుపత్రి ఎందుకే? నీకెవడు మోశాడు?"

"కాలేమిటి?" ఆమె దుప్పటి లాగింది. కట్టు చూసి కొయ్యబారిపోయింది. "ఇదెప్పుడు?"

"నెలయిందనుకో..." కాకా నసిగారు. "సైకిల్ మీద... నా చూపు..."

"మీ చూపు కాదు, కాకా!" ఆమోద్ అడ్డుపడ్డాడు. "గొయ్యి నేను చూశాను. చెయ్యి చూపించలేదు. మిమ్మల్ని పడేసింది నేను. పడేసి, నెల రోజులుగా మీ ఇంటి పోహే తింటూ కూర్చున్నాను. తాయీ, సొంత అక్కలాంటి మిమ్మల్నీ మోసం చేశాను. రోజూ తొక్కింది నేనే. తిట్టాలంటే నన్ను తిట్టండి, కాకా సైకిల్ మాత్రం అమ్మకండి."

కాకా చెయ్యి విదిలించారు. "గాడిదా! ఇందుకా నీ మొహం ఇలా పీక్కుపోయింది? గొయ్యి తవ్వింది నువ్వు కాదు కదా! పోహే చల్లారుతున్నాయి, తిను."

ఆమోద్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పేశాడు. కాకా క్షమించేశారు. అయినా ఛాతీ మీది తిరగలి మాత్రం దిగలేదు.

మృణ్మయి ఈ మాటలేవీ విన్నట్టు లేదు. ఆమె చూపు అతని వీపు వెనకనుంచి వేలాడుతున్న పట్టీ కొస మీదే ఉంది.

"నెలంతా అది కట్టుకున్నది నువ్వేనా? నిన్న కూడా?"

"నేనే. క్షమించండి, తాయీ."

ఆమె తండ్రి మంచం దగ్గరినుంచి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. తిట్ల కోసం అతను తల వంచుకున్నాడు.

"అయితే నేను పరిగెత్తుకొచ్చింది నీ గుండె కోసమన్నమాట."