పదకొండుతో భాగిస్తే

నా భార్యను ఒక పత్రికా సంపాదకుడు చంపాడు. పేరు బెర్తలన్. ఊరు సెగెడ్.

పిరోష్కా రైల్వే గేటు కాపలా కాసేది. రోజుకు తొమ్మిది బండ్లు. బండికీ బండికీ మధ్య ఖాళీ. ఆ ఖాళీలో కూర్చుని ఒకే ఒక సంఖ్యను భాగించేది. నూరు కోట్ల ఏడు. ఒకటీ, అదీ తప్ప దాన్ని ఏ సంఖ్యా శేషం లేకుండా భాగించలేదని, పది అంకెల ప్రధాన సంఖ్యల్లో అదే అన్నిటికన్నా చిన్నదని తేల్చింది. మూడు వేల నాలుగు వందల పైచిలుకు భాగహారాలు. ఆరేళ్లు.

"గొప్పవాళ్లు ఎప్పుడో తేల్చేసి ఉంటారే," అన్నాను.

"తేల్చనీ. నా చేత్తో నేను తేల్చానా లేదా?"

లెక్కల పత్రికకు ఉత్తరం వెళ్లింది. తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆమె ఆశ. చూసుకుంది. "పిరోష్కాగారి ప్రధాన సంఖ్య పదకొండుతో చక్కగా భాగింపబడుతుంది. ఆరో తరగతి పిల్లలు సరిచూడగలరు. ఆమె గేటు చూసుకుంటే మేలు."

పోస్ట్‌మాన్ డెజూ సైకిల్ దిగకుండానే అరిచాడు. "ఏం వదినా, పదకొండు గంటల బండి శేషం లేకుండా పోయిందా?"

ఆమె నవ్వలేదు. భాగించింది. ఆరు మిగిలింది. మళ్లీ భాగించింది. ఆరే.

"ఇంకో ఉత్తరం రాద్దాం," అన్నాను.

"వద్దయ్యా. వాళ్లు చదువుకున్నవాళ్లు. నా బుర్రే ఎక్కడో చెడింది. అది నాకు తెలియడం లేదు, అంతే."

అప్పట్నుంచి బండ్ల వేళలు చూడాలంటే నన్ను పిలిచేది. "ఇది పద్నాలుగే కదా? నువ్వు కూడా చూడు." చారులో మిరపపొడి ఎన్ని చెంచాలు వేసిందో కూడా నన్నే అడిగేది. మంచు పడే రోజుల్లో ఉద్యోగం మానేసింది.

"తప్పు చదివి గేటు ఎత్తితే ఎవరి ప్రాణం పోతుందో!"

చెర్రీలు పండేలోగా ఆమే పోయింది.

సమాధి మీద మట్టి ఆరకముందే సెగెడ్ వెళ్లాను. బెర్తలన్ ముసలివాడు. కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"పదకొండుతో ఆరు మిగులుతుంది. నా కళ్లముందే చెయ్యి."

అతను బీరువాలోంచి ఉత్తరం తీశాడు. చివరి అంకె మీద వేలు పెట్టాడు.

"ఏమీ మిగలదండీ. నూరు కోట్ల ఒకటి. మీరే చూడండి."

"అది ఏడు."

"ఏడా? నడుముకు అడ్డగీత ఏదీ? మనవైపు గీత లేకుండా ఏడు ఎవరు రాస్తారండీ? ఒకటికి ముందు ముక్కులా గీత పెడతాం కదా, అడ్డగీత లేని ఏడును ఒకటనే అనుకుంటాం." అతని ముఖం పాలిపోయింది. "ఆవిడ అలాగే రాసేవారా?"

ఆమె అలా ఎన్నడూ రాయలేదు.

వేళ్ల కీళ్లు వాచి ఆమె కలం పట్టలేని రోజున, పందుల మేతకు వేళ మించిపోతోందని విసుక్కుంటూ ఆ ఉత్తరం రాసిపెట్టింది నేను, ఇక ఈ సంగతి ఎవరడిగినా నోరు విప్పను.