కూర్చోని మనిషి

"మీరు కూర్చుంటారా, కూర్చోరా?"

వంటింటి గుమ్మంలో మొగుడి చొక్కా పట్టుకుని ఆపి, పళ్ళు బిగించి అడిగింది ఇల్లాలు.

"ఒక్క నిమిషం. మీ బావగారి గ్లాసు ఖాళీ అయింది" అంటూ నీళ్ళ జగ్గుతో జారుకున్నాడాయన.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆయన పెద్ద హోటల్లో సర్వర్. ఏడాది పొడుగునా ఊరందరికీ వడ్డించే మనిషి, ఈ ఒక్క సెలవు పూటైనా తన అక్కాబావల పక్కన యజమానిలా కూర్చుని తినాలి. ఈ విందు పెట్టిందే అందుకు. 'మా చెల్లెలి మొగుడు సర్వర్' అని అక్క నలుగురిలో నవ్వడం ఇవాళ్టితో ఆగాలి.

ఉన్నంతలోనే హంగు చేసింది. తన కుట్టుమిషను బల్ల పక్కన ఇంకో బల్ల చేర్చి, తెల్ల దుప్పటి పరిచింది. ఖాళీ సాసు సీసాలు కడిగి వాటిలో కొవ్వొత్తులు నిలబెట్టింది. పాత దుప్పట్లు కత్తిరించి, కుర్చీలకి నేల దాకా దిగే తొడుగులు నాలుగు కుట్టింది. ఇంట్లో ఉన్నవి మూడే కుర్చీలు. చేపతో పాటు నాలుగో కుర్చీ అద్దెకి తెమ్మని పొద్దున్నే ఆయన చేతిలో డబ్బు పెట్టింది. "చేప మాత్రం పెద్దదే తెండి. అక్క ముందు నా పరువు పోకూడదు" అని మరీ మరీ చెప్పింది. ఆవిడ పొయ్యి దగ్గరుంటే బల్ల సర్దిందీ, తొడుగులు తొడిగిందీ ఆయనే. హోటల్లో రోజూ చేసే పనే కదా.

"అబ్బ, ఎంత పెద్ద చేపే!" అంది అక్క, కళ్ళు పెద్దవి చేసి.

"ఆయనే ఏరి తెచ్చారక్కా."

"మరి ఆయన తినరా? గోడవైపు ప్లేటు అలాగే ఉంది."

"వస్తారు, వస్తారు."

అంతలో బావ చిటికె వేశాడు. "ఏమోయ్, ఇంకో ముక్క ఇలా పట్రా!"

"యస్ సార్!" నోరు జారాడాయన.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరదలా, మీ ఆయనకి టిప్పు ఎంతివ్వమంటావు?"

అక్క కూడా నవ్వింది. అక్క తెచ్చిన కేకు కోసేదాకా ఇల్లాలు కళ్ళతోనే ఆయనకి నాలుగుసార్లు కుర్చీ చూపించింది. ఆయన చూసీ చూడనట్టు చెంచాలు సర్దుతూ నిలబడ్డాడు.

వాళ్ళటు వెళ్ళగానే తలుపు ధడాలున వేసింది.

"తృప్తేనా? ఒక్క పూట! ఒక్క పూట కూర్చోమంటే కాళ్ళకేం రోగం? చిటికె వేసి పిలుస్తాడా మిమ్మల్ని, మీ ఇంట్లో, నా ఎదురుగా? సిగ్గులేదూ మీకు?"

ఆయన ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"ఎన్ని చేసి ఏం లాభం? వాళ్ళన్నదే నిజం. సర్వర్ సర్వరే!"

ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు ఆవిడకి కోపం ఇంకా పెరిగింది. ఒక ప్లేటు లాక్కుని, మిగిలిన అన్నం, చేప ముక్కా వేసి గోడవైపు ఠక్కున పెట్టింది.

"ఇప్పుడు కూర్చోండి! నా కళ్ళెదురుగా కూర్చుని తినండి!"

"వద్దు... నిలబడే తింటాలే."

"ఛీ!" అంటూ రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలోకి ఒక్క తోపు తోసింది.

ఆయన తొడుగుతో సహా ధబీమని నేల మీద పడ్డాడు. తెల్ల గుడ్డలోంచి, వీపు ఆనే చోట నిలబెట్టిన ఇస్త్రీ బల్ల జారి పడింది. దాని పక్కన టీవీ తాలూకు ఖాళీ అట్టపెట్టె అప్పడంలా అణిగిపోయి ఉంది.

కింద నుంచే ఆవిడ మొహంలోకి చూసి నెమ్మదిగా అన్నాడు.

"చేప పెద్దదే తెమ్మన్నావు కదా... కుర్చీకి మిగల్లేదు."