బోతబై కట్టుడుపళ్ళు

"ఇంకోసారి పిలువు తాతా, నా వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి!" కెమెరా పట్టుకుని కేకేసింది మనవరాలు మెరుయెర్త్.

మంచుకొండ అంచున గుర్రమ్మీద కూర్చున్న బోతబై మళ్ళీ గొంతెత్తి పిలిచాడు. ఎదుటి బండమీది వేటగద్ద కదల్లేదు. పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

"పిల్లప్పట్నుంచీ చేత్తో మేపితే, ఇవాళ పరువు తీస్తోందే!"

"తీసింది అది కాదు, నీ కట్టుడుపళ్ళు," అంది భార్య కుల్యాష్. "ఫొటో అనేసరికి పెట్టుకొచ్చావుగా! ఈలేసినట్టున్న ఆ గొంతు ఎవరిదో దానికేం తెలుసు?"

"బోసినోటితో దిగమంటావా? ఊరంతా నవ్వదూ!"

"అయితే గద్ద లేకుండా దిగు."

బోతబై గొణుక్కుంటూ పళ్ళు తీసి జేబులో వేసుకుని, బోసినోరు బార్లా తెరిచి పిలిచాడు. గద్ద రివ్వున వచ్చి చేతిమీద వాలింది. కెమెరా క్లిక్కుమంది.

"అబ్బ, ఎంత బాగా వచ్చిందో! ఇక పళ్ళు పెట్టుకో తాతా."

బోతబై గద్ద మెడ నిమిరాడు. వేటగద్దను చచ్చేదాకా ఎవరూ ఉంచుకోరు; కొన్నేళ్ళు వేటాడించాక వదిలెయ్యడం వాళ్ళ ఆచారం. వచ్చే వసంతంలో దీన్నీ కొండలకు వదిలెయ్యాలి.

"దీన్ని వదిలిన రోజు పెట్టుకుంటాలే," అన్నాడు. "ఆ తర్వాత ఉండబట్టలేక పిలిచినా, తిరిగి రాదు."