ఒక్కరి కోసం

నందిగామలో బస్సెక్కేటప్పుడే ఫ్రాన్సిస్ గట్టిగా అనుకున్నాడు. ఇవాళ చెప్పేయాలి. ఈ పని ఇక తన వల్ల కాదు. ఫోన్‌లో చెబితే బాగుండదని స్వయంగా బయల్దేరాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. హార్డ్ డిస్కుల్ని కంప్యూటర్‌కు కలిపే పాత కంట్రోలర్ కార్డు ఒకటుంది. చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, ఆ కార్డును పనిచేయించే ప్రోగ్రాం, అదే దాని డ్రైవర్, మొరాయిస్తుంది. దాన్ని సరిచేసేది కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఫ్రాన్సిస్ ఒక్కడే. జీతం లేదు, పేరు లేదు. పెట్టుబడి మాత్రం ఆదివారాలు.

"ప్రార్థనకు రావడానికి తీరదు గానీ ఆ కార్డుకు మాత్రం వారం వారం మొక్కుతావు," అని భార్య సూసన్ దెప్పేది. ఈమధ్య దెప్పడమూ మానేసింది. మాట్లాడటమే తగ్గించింది. పిల్లలు నాన్న లేని ఆదివారానికి అలవాటుపడ్డారు. ఏ వ్యాపారమైనా ఇంతవరకూ వచ్చాక కొట్టు కట్టేయాల్సిందే.

కట్టేయనివ్వనిది ఒక్కరే. జగ్గయ్యపేటలో నీటి మోటార్ల స్పేరుపార్టులు అమ్మే భవానీప్రసాద్. షాపు సరుకు వివరాలన్నీ ఆ కార్డున్న మిషన్‌లోనే పెట్టుకున్నాడు. ఎవరో ఒకరు పరీక్షించి, వాడుతున్నామని చెప్పినంతకాలమే లినక్స్ వాళ్లు ఒక డ్రైవర్‌ను ఉంచుతారు. ఈ కార్డుకు ఆ మాట చెప్పేవాడు లోకంలో ఆయనొక్కడే. ఫ్రాన్సిస్ మార్పు పంపితే చాలు, చూసి ఫోన్ చేస్తాడు. ఒక్కసారీ తప్పలేదు.

చిల్లకల్లులో దిగి ఆటో ఎక్కాడు. షాపులో బేరాల్లేవు. భవానీప్రసాద్ నడుం పట్టుకుని లేచాడు.

"మళ్లీ కొత్తది వచ్చిందా ఏంది?"

"వచ్చిందండి. అయితే మీతో ఒక మాట..."

"బాగున్నదాన్ని కెలక్కపోతే తోచదు వాళ్లకు. ముందు పని కానీ."

వెనకగదిలోంచి మిషన్ మోసుకొచ్చాడు. తువ్వాలుతో తుడిచి, ఆయాసపడుతూ వంగి వైర్లు పెట్టాడు. ఫ్రాన్సిస్ పెద్దాయన చేతిలోంచి ఒక వైరు అందుకున్నాడు. ఈ మనిషిని నట్టేట ముంచి పోవడమెట్లా?

పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన డ్రైవర్ ఎక్కించాడు. డిస్కులు కనిపించలేదు. తీసి, సరిచేసి, మళ్లీ ఎక్కించాడు. అన్నాల వేళ దాటాక గానీ అవి కనిపించలేదు. ఇద్దరూ ఒక్కసారే నిట్టూర్చారు.

"ఇంకెన్నాళ్లు లాగుతుందంటావు ఫ్రాన్సిస్?" భవానీప్రసాద్ నెమ్మదిగా అడిగాడు.

ఆ గొంతులో దిగులు ఫ్రాన్సిస్‌కు తెలుస్తూనే ఉంది. సూసన్ మొహం కళ్లముందు మెదిలింది. చెప్పాలంటే ఇదే అదును.

"మీరు వాడినన్నాళ్లూ నేను చూస్తానండి," అన్నాడు. "మీరేం భయపడొద్దు."

భవానీప్రసాద్ తలూపాడు.

ఆటో దాకా సాగనంపడానికి ఆయన భార్య భారతీదేవి వచ్చింది. షాపు దాటాక ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించింది.

"ఏమనుకోకు బాబూ, మేం కొత్త కంప్యూటర్ కొని రెండేళ్లయింది, నువ్వంత ఇష్టంగా చేసుకునే పని మావల్ల ఆగిపోతుందని ఈయనే ఆ పాతదాన్ని పారేయనివ్వట్లేదు."