ఏ పూతో, ఏమో!

"చన్నీళ్లకి కూడా మండుతోందా అమ్మా?"

పక్క కుర్చీలోని గడ్డి టోపీ పెద్దాయన అడిగాడు. ఎలోయిసా గ్లాసు దించి తలూపింది.

ఆల్బుకర్కీ దంతాల ఆసుపత్రిలో, ఏళ్ల తరబడి మానని నోటిమంటకి రెండు పైపూతల్ని పోల్చి చూస్తున్నారు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చే డాక్టరుకే తెలియదట! ఆ మందు పరీక్షలో చోటు దొరకడం కష్టమన్నారు. అయినా వచ్చి కూర్చుంది.

"ఏం చేస్తుంటావు?"

"మిరపకి పేరుపడ్డ హాచ్ ఊళ్లో మిరపకాయలు కాల్చి అమ్ముతాను. కారమెంతో నాలిక మీద వేసుకుని చూడలేను. కొన్నవాళ్లు తిట్టిపోస్తున్నారు. ఈ పంటా ఇలాగే పోతే కొట్టు మూసెయ్యడమే."

పెద్దాయన దవడ ఓసారి తడుముకున్నాడు. లేచి, నర్సు బెర్నిస్ చెవిలో ఏదో గొణిగి, బయటికి నడిచాడు.

'మందుకే జడిసి పారిపోయాడు. ఏం మగాడో!' అనుకుంది ఎలోయిసా.

అంతలో బెర్నిస్ పిలిచి మందు గొట్టం చేతిలో పెట్టింది.

ఓ రోజు తగ్గేది, ఓ రోజు తిరగబెట్టేది. మందు పనిచేస్తోందో, తన భ్రమో అంతుపట్టలేదు.

మిరప కోతలప్పుడు పెద్దాయన కొట్టుకొచ్చాడు.

"నోరెలా ఉందమ్మా?"

ఇంత దూరం ఈ మాట అడగడానికొచ్చాడా? ఎందుకు?

"నా నోటితో నీకేం పని తాతా? ఎర్రవా, పచ్చివా? అది చెప్పు."

"నాకు కారం పడదు."

"ఈ గడ్డ మీద పుట్టి కారం పడదా? మందుకీ భయమే, మిరపకాయకీ భయమే!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వబోయి, దవడ పట్టుకుని ఆగిపోయాడు.

మళ్లీ రాలేదు.

చలికాలానికి ఆమె నోరు చల్లబడింది. గిన్నెడు పచ్చిమిర్చి కూర కళ్లనీళ్లొచ్చేదాకా తిని, చివరి పరీక్షకెళ్లింది.

"ఏ పూతో ఏమో గానీ, బతికించింది! ఆ టోపీ తాతకీ ఓ గొట్టం ఇద్దురూ. పాపం, ఆ రోజు జడిసి పారిపోయాడు."

బెర్నిస్ రాస్తున్న కాగితం పక్కన పెట్టింది.

"సెలెస్తినోనా? పోయిన వారం నిద్రలోనే గుండె ఆగిపోయింది. చివరిదాకా చప్పిడి గంజే తాగాడు."

ఎలోయిసా బిత్తరపోయి చూసింది.

"ఆయన పారిపోలేదమ్మా... ఆ రోజు మిగిలిన ఒక్క చోటూ ఆయనదే."