ఒడిసెల రాయి

“సూత్రం వద్దమ్మా, అర్థం చెప్పు,” అంటూ లెక్కల సారు ఐలేశం ఫారం మీది నుంచి పెన్ను తీసి పక్కన పెట్టేశాడు.

మమత గోడ గడియారం దిక్కు చూసింది. కాన్పుకు పోయి కాలేజీ హాజరు పోగొట్టుకుంది. ఇప్పుడు సారు సంతకం పెడితేనే పరీక్ష. ఫారం ఇచ్చేందుకు ఇంక అరగంటే ఉంది. వరండాలో మూడు నెలల పిల్ల ఏడుపు ఎత్తుకుంది. అత్త అమృతమ్మ దాన్ని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

“ఒక సదిశ పొడవు మారదు, దిశ ఒక్కటే మారుతాంది. దాని అవకలజం, అంటే ఆ మార్పు, ఎటు చూస్తది?”

“లంబంగ సార్.”

“ఎందుకు?”

“పుస్తకంల గట్లనే ఉంది సార్.”

“పుస్తకం నేను గూడ చదివిన. సరే, జొన్నచేన్ల పిట్టలను కొట్టెతందుకు ఒడిసెల తిప్పుతున్నవనుకో. తాడు పొడవు మారదు. రాయి గుండ్రంగ తిరుగుతాంది. ఉన్నట్టుండి వదిలినవ్. ఎటు పోతది?”

పిల్ల గుక్కపట్టింది. మమత జాకెట్టు పాలతో తడిసింది. ఆ కంగారులో నోటికొచ్చింది అనేసింది.

“బయటికి సార్. తాడు ఎటు చూస్తే అటే.”

సారు ఫారం మడతపెట్టి ఆమె ముందుకు తోశాడు. “వచ్చే ఏడు చూద్దాం.”

“తాడెంబడి ఎట్ల పోతది?”

గుమ్మంలో అమృతమ్మ! ఇంట్లో పుస్తకం తెరిస్తేనే మూతి ముడిచే మనిషి, ఇక్కడ ఏం కొంప ముంచుతుందో!

“తాడుకు అడ్డంగ పోతది గని,” అంది అమృతమ్మ పిల్లను ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ. “తాడు పిట్ట దిక్కు ఉన్నప్పుడు ఇడిస్తే పిట్టకు తాకదు సారూ, పక్కోని నెత్తి పగుల్తది.”

సారు పకపకా నవ్వాడు. “విన్నవా? బడి మొఖం చూడని అమ్మ చెప్పింది. గిది చేను నేర్పిన చదువు!”

మమతకు ఒక్కసారిగా తాడు కళ్లకు కట్టింది. పొడవు మారదు కాబట్టి రాయి తాడు వెంట లోపలికీ జరగలేదు, బయటికీ జరగలేదు. ఇక మిగిలింది అడ్డదారే కదా!

“ఇంకోటి అడుగుండ్రి సార్.”

“ఇంకింత జోరుగ తిప్పితే?”

“అప్పుడు గూడ అడ్డమే సార్. అవకలజం పొడుగైతది గని తాడు దిక్కు ఒరగదు. తాడు సాగితేనే ఒరుగుతది.”

సారు ఫారం మళ్లీ విప్పి సంతకం పెట్టాడు.

ఆఫీసులో ఫారం ఇచ్చేసి, వరండా మూలన పిల్లను రొమ్ముకు అదుముకున్నాక గానీ మమతకు ఊపిరాడలేదు.

“నువ్వు లేకుంటే ఏడాది పోతుండె అత్తమ్మా. ఒడిసెల ఎన్నేండ్లు తిప్పినవ్?”

“ఒడిసెలనా?” అమృతమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఆలేరు స్టేషన్ల చాయ్ అమ్మిన బతుకు నాది, చేను మొఖం ఎన్నడు చూసిన? నువ్వు ఫోన్ల పాఠం పెట్టి, పిల్లకు పాలిచ్చుకుంట కునుకు తీస్తవు సూడు... ఆఖరుదాక ఇనేది నేనే.”